ఇరవై మూడున్నర కాట్లు

పెద్దిరాజును పాము కరవలేదు. ఈ ముక్క ముందే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే ప్రభుత్వంవారి రికార్డుల్లో కరిచినట్టే ఉంది. అదీ ఒకటీ రెండూ కాదు, ఇరవై మూడున్నర సార్లు. ఆ అర ఏమిటా అని కంగారు పడకండి, అక్కడికే వస్తున్నాం.

పెద్దిరాజు వంటమాస్టరు. రామచంద్రపురం చుట్టుపక్కల ఏ ఇంట పెళ్లి కుదిరినా పురోహితుడికంటే ముందు కబురు ఆయనకే వెళ్లేది. వెయ్యిమందికి పప్పుచారు కాచినా చుక్క నాలిక్కి తగలనిచ్చేవాడు కాదు. గుండిగ మూత తీసి, కళ్లు మూసుకుని, ఒక్కసారి ముక్కుతో పీల్చి, "ఇంకో గుప్పెడు ఉప్పు పడాలర్రా" అనేవాడు. పడేది. సరిపోయేది. వంటవాడు రుచి చూస్తే అది ఎంగిలి, వాసన చూస్తే అది విద్య అని ఆయన సిద్ధాంతం. ఆ విద్యమీదే ఇల్లు కట్టాడు, కూతురి పెళ్లి చేశాడు, పెళ్లాం చేత ఏడాదికి రెండుసార్లన్నా "పోన్లెండి, బాగుంది" అనిపించుకున్నాడు.

అలాంటి ముక్కు శ్రావణమాసం పెళ్లిళ్లలో మొండికేసింది. ముందు జలుబన్నారు. తర్వాత సైనసన్నారు. నెత్తురు పొలుసులు కట్టి రాలుతుంటే, వేడి చేసిందన్నారు. ఒకాయన ఆవిరి పట్టమన్నాడు, ఇంకొకాయన గుమ్మం తూర్పుకి తిప్పమన్నాడు. కార్తీకంలో ద్రాక్షారామం పెళ్లిలో బూందీకని పెట్టిన నెయ్యి మాడి నల్లగా పొగలొచ్చింది. ఆ సంగతి పందిట్లో ప్రతి ముక్కుకీ తెలిసింది, పెద్దిరాజు ముక్కుకి తప్ప. పెళ్లివారు పెద్దమనుషులు, ఒక్క మాటా అనలేదు. అనకపోవడమే ఆయన్ని కోసేసింది. ఆ వారంలోనే దగ్గితే రక్తం, మోకాళ్లు బిగదీసుకుపోవడం, కాళ్లనిండా వంకాయరంగు మచ్చలు.

ఆఖరికి పెద్దాసుపత్రిలో డాక్టర్ హిమబిందు చేతిలో పడ్డాడు. చిన్నపిల్లలా ఉంటుంది గానీ చూపు గట్టిది. రక్తం తీసింది, కిడ్నీలోంచి ఆవగింజంత ముక్క తీయించింది, మొగుడూ పెళ్లాల్నిద్దర్నీ కూచోబెట్టింది.

"పెద్దిరాజుగారూ, జబ్బుల్ని పట్టుకోడానికి మన రక్తంలో యాంటీబాడీలని ఉంటాయి. మీ ఒంట్లో కొన్ని దారి తప్పాయి. వాటివల్ల సన్న రక్తనాళాలు వాచిపోతున్నాయి. ముక్కు, ఊపిరితిత్తులు, కిడ్నీలు, అన్నిట్లోనూ ఉండేవి సన్న నాళాలే."

"అంటే వడ్డన చెయ్యమని పంపినవాళ్లు పెళ్లివారినే గరిటెలతో బాదుతున్నారన్నమాట," అన్నాడు పెద్దిరాజు.

"అచ్చంగా అంతే. లక్షలమందిలో ఏ కొందరికో వచ్చే జబ్బు ఇది. దీనికి మందు కూడా యాంటీబాడీయే, ఫ్యాక్టరీలో తయారుచేసింది. దారి తప్పినవాటిని పుట్టించే కణాల్ని ఏరి తీసేస్తుంది. వారానికొకటి చొప్పున నాలుగు డోసులు సెలైన్లో ఎక్కించాలి. తర్వాత ఆరు నెలలకోసారి." ఆవిడ కాగితం తిప్పింది. "కిడ్నీ లెక్క ఒకటి దాటకూడదు, మీది రెండున్నర ఉంది. స్టెరాయిడ్ మాత్రలతో ఎలాగో మూడు వారాలు నెట్టుకొస్తాను. అది దాటితే కిడ్నీలు దక్కవు. బతికున్నన్నాళ్లూ డయాలసిస్సే."

పెద్దిరాజు ఆ కాగితం వంకే చూస్తూ కూచున్నాడు. భార్య భూలక్ష్మి మాత్రం ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "మూడు వారాలంటే మామూలు రోజులా అమ్మా, గవర్నమెంటు పని రోజులా?"

"కిడ్నీలకి ఆదివారం సెలవు లేదమ్మా," అంది డాక్టరు.

మందు ఖరీదు విన్నాక భూలక్ష్మి రెండో ప్రశ్న అడగలేదు. అయితే ప్రాణదీపం పథకం ఉంది కదా! పేదవాడి ప్రాణానికి ప్రభుత్వం ప్రమిద పట్టుకుని నిలబడుతుందని గోడలనిండా రాసే ఉంది. ఆ ప్రమిదలో నూనె పోసే ఆఫీసు ఆసుపత్రి వెనక, మార్చురీకీ క్యాంటీనుకీ నడుమ ఉంది.

అక్కడి అనుమతుల అధికారి త్రివిక్రమరావుగారు. చెడ్డవాడేం కాదు. లంచం ముట్టడు, టైముకొస్తాడు, టిఫిను సొంత డబ్బులతో తింటాడు. ఒకటే లోపం. మనిషిని చూస్తే ఆయనకి మనిషి కనపడడు, పూరించని గడులు కనపడతాయి. మాట్లాడితే కింద సంతకమూ ముద్రా ఉన్నట్టే ఉంటుంది.

"సదరు వ్యాధి," అన్నాడాయన కంప్యూటరు వంక చూస్తూ, "పథకపు జాబితాయందు నమోదు కాలేదు."

"అరుదైన జబ్బు కదండీ, అందుకే," అన్నాడు పెద్దిరాజు.

"జాబితాయందు లేని వ్యాధి రావడం నియమావళికి విరుద్ధం."

"అదేంటండి బాబూ, కావాలని తెచ్చుకున్నామా?" అంది భూలక్ష్మి.

డాక్టర్ హిమబిందు వెంట వచ్చింది కాబట్టి సరిపోయింది. "పేరు లేకపోతే చికిత్సతో వెతకండి సార్. యాంటీబాడీ అని కొట్టండి."

కొట్టారు. కంప్యూటరు చాలాసేపు గింగిరాలు తిరిగి ఒకే ఒక్క సమాధానం ఇచ్చింది. ప్యాకేజీ నాలుగువందల పదిహేడు: పాముకాటు, యాంటీబాడీ చికిత్స, వైద్యుడు సూచించిన మందు.

త్రివిక్రమరావుగారి మొహం వెలిగిపోయింది. "లభ్యమైనది!"

"సార్, పాము విషానికి విరుగుడు వేరు, ఈ మందు వేరు," అంది డాక్టరు.

"అమ్మా, నియమావళి దృష్టిలో యాంటీబాడీ యాంటీబాడీయే. ఏ మందు వాడాలన్నది తమ విచక్షణ, అక్కడే రాసి ఉన్నది. దేనికి వాడాలన్నది మాత్రమే మా పరిధి."

"నేను పాముకాటని సంతకం పెట్టను."

"తమరిని అసత్యం వ్రాయమని ఎవరు కోరుచున్నారు? సత్యమంతయూ రిమార్కుల గడిలో వ్రాయండి. అది ఎవరూ చదవరు. నాలుగవ గడిని కార్యాలయమే పూరించును."

నాలుగో గడి ఏమిటంటే, కరిచిన ప్రాణి. అది నింపకపోతే కంప్యూటరు ముందుకి కదలదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర అని మూడు పేర్లున్నాయి, ఏదో ఒకటి నొక్కాలి. త్రివిక్రమరావుగారు కళ్లజోడు సర్దుకుని డాక్టరు కాగితాలు చదివాడు. రక్తం పడుట. మూత్రపిండములు దెబ్బతినుట. "రక్తపింజర," అని తీర్పు చెప్పాడు. "లక్షణములన్నియూ సరిపోవుచున్నవి."

"నన్ను పాము కరవలేదండి," అన్నాడు పెద్దిరాజు. మనిషి నిజాయితీపరుడు, ఏం చేస్తాం.

"ఆ విషయమై తమ అభిప్రాయం కోరలేదు," అని, ఆయన దయగా ఇంకో వాక్యం టైపు కొట్టించాడు. కరిచిన విషయము రోగి గమనించి ఉండకపోవచ్చును.

కాలం కలిసిరాకపోతే తాడే పామై కరుస్తుందంటారు. పెద్దిరాజు విషయంలో తాడు కూడా అక్కర్లేకపోయింది.

మర్నాటికల్లా పనైపోతుందనుకున్నారు పిచ్చిమాలోకాలు. ఐదో రోజున ఆఫీసు నించి కాగితం వచ్చింది. కరిచిన ప్రాణిని ధ్రువీకరణ నిమిత్తం హాజరుపరచవలెను, లేనిచో దరఖాస్తు తిరస్కరించబడును.

డాక్టర్ హిమబిందు మండిపడి నాలుగు పేజీల లేఖ రాసింది. జబ్బేమిటో, మందేమిటో, రోజులెన్ని మిగిలాయో. రెండు రోజులకి జవాబొచ్చింది: తమ లేఖ పాము ఫైలునందు జతపరచడమైనది.

"ఇంకెందుకండీ ఈ కాగితాలు, పామునే పట్టుకొద్దాం పదండి," అంది భూలక్ష్మి.

పాములు పట్టే పోతురాజు ఆలమూరులో ఉంటాడు. పెద్దిరాజు చేతి బిర్యానీ మూడు పెళ్లిళ్లలో తిన్నవాడు, ఆ రుణం గుర్తుంది. సంగతంతా విని గడ్డం గీరుకున్నాడు. "పాము కరిస్తే మనిషిని తీసుకొస్తారు గానీ, మనిషి కోసం పాముని తీసుకెళ్లడం నా సర్వీసులో లేదు మాస్టారూ. అయినా నీకోసం కాకపోతే ఇంకెవరికోసం?"

మొదట దొరికింది జెర్రిపోతు. దాన్నే గోనెసంచిలో పట్టుకెళ్లారు. త్రివిక్రమరావుగారు కుర్చీమీదికెక్కి, అక్కణ్నుంచే పరిశీలించి తిరస్కరించాడు. విషరహిత సర్పము పథకమునకు అనర్హము. పదకొండో రోజుకి అసలు రక్తపింజర దొరికింది. ఖాళీ పెయింటు డబ్బాలో పెట్టి, మూతకి చిల్లులు పొడిచి తెచ్చాడు పోతురాజు. డబ్బాలోంచి అది కుక్కర్లా బుసకొడుతుంటే ఆఫీసు మొత్తం అరగంటసేపు క్యాంటీన్లో కాలక్షేపం చేసింది.

"అర్హమే," అన్నాడు త్రివిక్రమరావుగారు క్యాంటీను కిటికీలోంచి. "అయితే వన్యప్రాణి కనుక అటవీశాఖవారి నిరభ్యంతర పత్రము అవసరము."

మర్నాడు అటవీశాఖ రేంజరు జీపులో దిగాడు. దిగుతూనే పెద్దిరాజు మీద పడ్డాడు. "రక్షిత ప్రాణి చేత కరిపించుకోడానికి నీకు అనుమతి ఎవరిచ్చారయ్యా?"

"నన్ను పాము కరవలేదండి బాబూ."

"కరవకపోతే దాన్ని అన్యాయంగా నిర్బంధించినట్టు! కరిస్తే నీ ఒంట్లో ఉన్న ఇన్ని మందులూ దాని ఒంట్లోకి పోయినట్టు! ఏదైనా కేసే. పాముకి ముందు వైద్యపరీక్ష జరగాలి."

జరిగింది, అదీ ఆ పూటే. పశువైద్యుడు పరుగున వచ్చాడు. పాముని గాజుపెట్టెలో పెట్టారు, ఎండ తగలకుండా తడిగుడ్డ కప్పారు, రక్తం తీశారు, కిడ్నీలు భేషుగ్గా ఉన్నాయని రాశారు. ఒత్తిడికి లోనైంది కాబట్టి మూడు రోజుల విశ్రాంతి అవసరమని సర్టిఫికెట్ ఇచ్చారు. దానికి పూటకో ఎలుక, చూసుకోడానికో మనిషి, ఒక ఫైలు. ఆ ఫైలుకి ఎర్ర పట్టీ కట్టి అత్యవసరం అని రాశారు.

ఆ సాయంత్రమే పెద్దిరాజు రక్తపరీక్ష కాగితం వచ్చింది. కిడ్నీ లెక్క మూడు పాయింట్ నాలుగు. ఆయాసంతో మెట్లెక్కలేక వార్డు కింద అరుగుమీద కూలబడ్డాడు. కాళ్లు ఉబ్బి చెప్పులు పట్టడం లేదు. భూలక్ష్మి చీరకొంగుతో ఆయన ముక్కు కింద నెత్తురు తుడుస్తూ కూచుంది.

"భూలచ్చీ, నాకు చావంటే భయం లేదే," అన్నాడు. "ఒక్కసారి ఇంగువ తాలింపు వాసన తగిలితే చాలు. తర్వాత ఏదైతే అదవుద్ది."

"నోర్ముయ్యండి," అంది ఆవిడ. ఆవిడకి ఏడుపొస్తే కోపమొస్తుంది. "ఆ పాముకి కిడ్నీలు బాగున్నాయంట. దాని జాతకం చూడండి, మీ జాతకం చూడండి. ఇంకో తొమ్మిది రోజులున్నాయి, ఊరికే నసక్కండి."

పాము విశ్రాంతి ముగిసేసరికి శని, ఆదివారాలు అడ్డొచ్చాయి. పదిహేడో రోజున ప్రత్యక్ష ధ్రువీకరణ సంఘం సమావేశమైంది. అందులో ముగ్గురు సభ్యులు. అధ్యక్షుడు త్రివిక్రమరావుగారు, పక్కన రేంజరు, ఇంకో పక్క పశువైద్యుడు. మనిషి డాక్టరు కూడా ఉండాలని హిమబిందు అడిగితే, సంఘపు కూర్పులో ఆ పదవి లేదన్నారు. ఆవిడ తలుపు దగ్గర నిలబడింది, పొమ్మన్నా పోలేదు. పాము జీపులో వచ్చింది. పెద్దిరాజు పోతురాజు భుజం పట్టుకుని నడిచొచ్చాడు.

"సదరు సర్పమే సదరు కాటు వేసినదని నిర్ధారణ ఎట్లు?" అన్నాడు అధ్యక్షుడు.

"కాటు గుర్తులు కొలుద్దాం," అన్నాడు పశువైద్యుడు. "పంచె పైకెత్తు."

పెద్దిరాజు పంచె ఎత్తాడు. మోకాళ్ల కింద రెండు కాళ్లనిండా వంకాయరంగు మచ్చలు. ముగ్గురూ ఒక్కసారి ముందుకి వంగారు. అంత సాక్ష్యం ఆ ఆఫీసు పుట్టాక ఎప్పుడూ రాలేదు.

"అవి పాముకాట్లు కావు, ఈ జబ్బు వల్ల చర్మంలో వచ్చే మచ్చలు!" అని తలుపు దగ్గర్నించి అరిచింది డాక్టరు.

"రిమార్కుల గడిలో వ్రాయండమ్మా," అన్నాడు అధ్యక్షుడు, తల తిప్పకుండానే.

లెక్క మొదలైంది. రేంజరు వేలితో చూపిస్తుంటే పశువైద్యుడు స్కెచ్ పెన్నుతో టిక్కు పెట్టాడు. కుడికాలికి ఇరవై ఆరు. ఎడమకాలికి ఇరవై ఒకటి. వెరసి నలభై ఏడు.

"ఒక కాటుకి రెండు కోరలు," అని త్రివిక్రమరావుగారు క్యాలుక్యులేటర్ తీశాడు. నొక్కాడు. ఆగాడు. మళ్లీ నొక్కాడు. "ఇరవై మూడున్నర."

గాజుపెట్టెలో పాము కూడా బుసకొట్టడం మానేసింది.

"ఇరవై మూడు కాట్ల వరకు సంఘమునకు అభ్యంతరము లేదు," అన్నాడాయన క్యాలుక్యులేటర్ పక్కన పెట్టి. "కాని ప్రభుత్వము అరకాటును గుర్తించదు. ఆ శేషమునకు లిఖితపూర్వక సంజాయిషీ వచ్చువరకు ఫైలు పెండింగులో ఉంచవలసియున్నది."

"మళ్లీ లెక్కపెట్టండి సార్, ఒకటి ఎక్కడో రెండుసార్లు పెట్టుంటారు," అన్నాడు పోతురాజు.

మళ్లీ లెక్కపెట్టారు. నలభై ఏడే. ఒంటికోర పాములుంటాయా అని రేంజరు అడిగాడు. కోర ఊడిపోయిన పాములుంటాయి గానీ ఈ పాము పళ్లు దివ్యంగా ఉన్నాయని తన సర్టిఫికెట్లోనే రాశానన్నాడు పశువైద్యుడు. మధ్యలో పాము మనసు మార్చుకుని ఉండవచ్చునా అన్న విషయం మీద ఇరవై నిమిషాలు చర్చ జరిగింది. సంజాయిషీకి పదిహేను రోజుల గడువిస్తూ నోటీసు డిక్టేట్ చేయడం మొదలుపెట్టాడు అధ్యక్షుడు.

పెద్దిరాజు అలా పంచె పట్టుకునే నిలబడ్డాడు. పదిహేను రోజులు అన్న మాట చెవినపడగానే ఆయన చేతిలోంచి పంచె జారిపోయింది.

అంతే, భూలక్ష్మి లేచింది.

"ఏవండోయ్ ఆఫీసరుగారూ! ఇరవై మూడు సార్లు పాము కరిచిందని ఒప్పేసుకున్నారు కదా? ఆ మిగిలిన అరకాటూ నేను కరిచానని రాసుకోండి! ఇరవై ఏడేళ్ల కాపురమండి. ఓసారి కరవననుకున్నారా? పండగపూట కూడా ఊరోళ్ల గాడిపొయ్యి దగ్గరే చస్తుంటే కరవక ఏం చేస్తాను? రాసుకోండి, చూస్తారేం!"

డాక్టరు చేత్తో నోరు మూసుకుంది. పోతురాజు నేల చూపులు చూశాడు. త్రివిక్రమరావుగారు మాత్రం కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, ఎంతో గౌరవంగా అడిగాడు.

"లిఖితపూర్వకముగా ఇవ్వగలరా?"

ఇచ్చింది. వేలిముద్ర కాదండోయ్, ఏడో తరగతి చదివిన మనిషి, పూర్తి పేరు సంతకం చేసింది. ఆ కాగితం కింద ఆఫీసు వాక్యం ఇప్పటికీ ఫైల్లో ఉంది: శేషించిన అరకాటు సదరు రోగి ధర్మపత్నికి చెందినదిగా నిర్ధారించడమైనది. అనుమతించడమైనది.

పందొమ్మిదో రోజున మందు వచ్చింది. చిన్న సీసా, నీళ్లలాంటి మందు. ఇంతోటి నీళ్లకోసమా ఇంత గొడవ అనిపిస్తుంది చూసినవాడికి. ముందు జ్వరం మాత్రా, దురద రాకుండా ఇంజెక్షనూ ఇచ్చి, తర్వాత బొట్టుబొట్టుగా ఎక్కించారు. గంటకల్లా పళ్లు టకటకలాడేట్టు వణుకొచ్చింది. డాక్టర్ హిమబిందు వేగం తగ్గించి, దుప్పటి కప్పించి, స్టూలు వేసుకుని పక్కనే కూచుంది. సాయంత్రానికి సీసా ఖాళీ అయింది. పక్క వార్డు వాళ్లందరూ తొంగిచూసి, ఇరవై మూడు పాములు కరిచినా బతికిన మనిషితడే అని ఒకళ్లకొకళ్లు చెప్పుకుని దండాలు పెట్టిపోయారు. నన్ను పాము కరవలేదండి అని ప్రతి ఒక్కరికీ చెప్పాడు పెద్దిరాజు. ఎంత వినయమో అనుకున్నారు వాళ్లు.

అదే రోజు రక్తపింజరని అడవిలో వదిలారు. షామియానా వేశారు, రిబ్బను కట్టారు, గ్రూపు ఫొటో దిగారు. దాని ఫైలు ఆ పూటే మూసేశారు.

రెండో డోసుకి దగ్గులో రక్తం ఆగింది. మూడోదానికి మచ్చలు వాడిపోయాయి. నాలుగో డోసు ఎక్కుతుండగా పెద్దిరాజు ఉన్నట్టుండి మంచంమీద లేచి కూచున్నాడు.

"సిస్టరమ్మా! ఆ క్యాంటీన్లో ఎవరోగానీ సాంబారు అడుగంటించేస్తున్నాడు! పరిగెత్తండి, పొయ్యి తగ్గించమనండి!"

నర్సుకేమీ వాసన రాలేదు. అయినా వెళ్లింది. వెళ్లేసరికి నిజంగానే అడుగంటుతోంది. భూలక్ష్మి మంచం పక్కన నిలబడి వింది. ఈసారి ఆవిడకి కోపం రాలేదు, ఉత్త ఏడుపే వచ్చింది. అడుగంటిన సాంబారు కోసం అంత సంతోషంగా ఏడ్చిన మనిషి ఈ భూమ్మీద ఆవిడొక్కత్తే అయ్యుంటుంది. కిడ్నీ లెక్క మెల్లిగా రెండుకి దిగింది, ఒకటిన్నర దగ్గర నిలబడింది. డయాలసిస్ మాట డాక్టరు మళ్లీ ఎత్తలేదు.

ఆరు నెలలు గడిచాయి. తర్వాతి డోసు టైమైంది. ఇది వెయ్యకపోతే జబ్బు తిరగబెట్టొచ్చని, ఈసారి కిడ్నీలు తట్టుకోలేవని డాక్టరు గట్టిగా చెప్పింది. మొగుడూ పెళ్లాలు పొద్దున్నే స్నానాలు చేసి, త్రివిక్రమరావుగారి దగ్గరికి వెళ్లారు. పెద్దిరాజు కొత్త పంచె కట్టుకున్నాడు. ఆయన పంచె ఎత్తి కాళ్లు చూపించాడు. నున్నగా, ఒక్క మచ్చ లేకుండా ఉన్నాయి.

త్రివిక్రమరావుగారి మొహం పాలిపోయింది. "గుర్తులేవీ?"

"తగ్గిపోయాయండి! మందు పనిచేసిందండి, ఆయ్!"

"ఎంతటి నిర్లక్ష్యము," అన్నాడాయన బాధగా. "కొనసాగింపు చికిత్సకు కాటు గుర్తు శరీరముపై ఉండవలెను. లేదా సదరు ప్రాణి స్వయముగా హాజరై ధ్రువీకరించవలెను."

"దాన్ని మీరే కదండీ అడవిలో వదిలేశారు! ఫొటోలో మీరూ ఉన్నారు," అంది భూలక్ష్మి.

"ఔను. కనుక దాని విషయమై చేయగలిగినది లేదు." ఆయన ఫైలు తిరగేశాడు. పేజీలు పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగాడు. కళ్లజోడు పైనుంచి భూలక్ష్మి వంక చూశాడు. ఆ చూపులో మొట్టమొదటిసారి దయలాంటిదేదో కనపడింది. "అయితే రికార్డుల ప్రకారము కరిచినవారు ఇరువురు. అందులో ఒకరు అందుబాటులోనే ఉన్నారు."

మాట అర్థం కావడానికి పెద్దిరాజుకి కాస్త టైము పట్టింది. భూలక్ష్మికి పట్టలేదు. మొగుడి కుడిచెయ్యి లాక్కుని, మోచేతి కింద చూసి, కసిక్కున కరిచింది.

"ఓలమ్మో!" అని కేకపెట్టాడు వంటమాస్టరు. ఆసుపత్రి మొత్తానికి వినపడింది.

త్రివిక్రమరావుగారు సొరుగులోంచి స్కేలు తీసి కొలిచాడు. పై వరస, కింది వరస, గుర్తులు స్పష్టంగా ఉన్నాయి, సరిసంఖ్యలో ఉన్నాయి. ఫైల్లో రాశాడు: రికార్డునందలి అరకాటు నేటితో పూర్తి కాటుగా పరిణమించినది. కొనసాగింపు అనుమతించడమైనది. ముద్ర వేసి, మనసారా నవ్వి, "మరల ఆరు మాసములకు దయచేయండి," అన్నాడు.

"నొప్పెట్టిందా?" అనడిగింది భూలక్ష్మి బయటికొస్తూ.

"చెయ్యి తీసిపారేశావు కదే! ఆ పామే నయం, ఒక్కసారి కూడా కరవలేదు," అన్నాడు పెద్దిరాజు చెయ్యి ఊదుకుంటూ. కానీ క్యాంటీను దాటుతుంటే ఇంగువ తాలింపు గుప్పున తగిలింది. ఆయన అలాగే ఆగిపోయి, కళ్లు మూసుకుని, గుండెనిండా పీల్చాడు. ఉప్పు కొంచెం తక్కువైందనుకున్నాడు.

మెట్ల దగ్గర ఒక కొత్త జంట ఎదురుపడింది. మొగుడి ముక్కునిండా ఎండిన నెత్తురు పొలుసులు, పంచె అంచు కింద వంకాయరంగు మచ్చలు. పెళ్లాం చేతిలో డాక్టర్ హిమబిందు రాసిన చీటీ. మొహంలో ప్రాణం లేదు.

"అక్కా, ప్రాణదీపం ఆఫీసు ఎటక్కా? ఈయనకేదో సన్న నరాల జబ్బంట. మూడు వారాలే టైముందన్నారు."

భూలక్ష్మి చీటీ చూసింది. ఆ మనిషి కాళ్లు చూసింది. తర్వాత ఆ అమ్మాయి గడ్డం పట్టుకుని, మొహం వెలుతురు వైపుకి తిప్పింది.

"ఆఫీసు అదుగో, నేను తీసుకెళ్తాలే తల్లీ," అంది. "ముందిది చెప్పు. నీ పళ్లు గట్టివేనా?"